చెప్పులు బయట విడువవలెను

మా క్లినిక్‌కు ఒకప్పుడు రెండు మెట్లుండేవి. షాబాదు బండలు, అంచులు అరిగిపోయినవి. ఖాజాగూడ గుట్టల వెనక రేకుల ఇళ్ల బస్తీలో, భజన కోసం కట్టి వదిలేసిన రెండు గదుల్లో నేను పదకొండేళ్లు నర్సుగా పనిచేశాను. డాక్టరు సారు వారంలో మూడు రోజులు, అదీ రెండేసి గంటలు వచ్చేవారు. మిగతా సమయమంతా సూది వేసేదీ నేనే, కట్టు కట్టేదీ నేనే, తిక్కరేగితే తిట్టేదీ నేనే. పొద్దున ఆరింటికి తలుపు తీసేదాన్ని. ఏడు గంటల షిఫ్టుకు గాజు మేడల్లో ఊడవడానికి, తుడవడానికి పోయే ఆడవాళ్లు దారిలో ఆగి, బీపీ చూపించుకుని, షుగరు గోలీలు టిఫిన్ సంచిలో వేసుకుని ఉరికేవాళ్లు. ఎవరికి ఏ గోలీ అన్నది కార్డుల మీద రాసి ఒక బిస్కెట్ల డబ్బాలో పెట్టేదాన్ని. ఆ డబ్బాతో మాకు పని జరిగిపోయేది.

ఇలాంటి చోటు మీద ఒక పెద్ద కంపెనీకి దయ కలిగింది. పేరు చెప్పను. గోడల మీద పేరు రాయించుకోవాలన్న యావ వాళ్లకు ఇప్పటికే చాలినంత ఉంది, దానికి నేను కూడా ఒక చెయ్యి వేయక్కర్లేదు.

వాళ్ల దానధర్మాల కమిటీ తరఫున వచ్చే అమ్మాయిని నేను కమిటీ మేడం అనేదాన్ని. కోస్తా వైపు పిల్ల, ముప్పై దాటి ఉండవు, మర్యాదకు లోటు లేదు. ‘అండి’ తగిలించకుండా ఒక్క మాట ముగించేది కాదు. మొదటి రోజు, మా బెంచీ మీద కూర్చుంటే బట్టలు మాస్తాయన్న భయంతో నిలబడే, పేదవాళ్లకు వైద్యం అందడం లేదని చెప్పింది. పదేళ్లుగా ఆ పేదవాళ్ల చీము తుడుస్తున్న నాకు చెప్పింది. అందడమంటే ఏమిటని అడిగాను.

“వీళ్లు ఈజీగా లోపలికి రాగలగాలండి,” అంది.

తలుపు తీసే ఉంటుంది, వస్తూనే ఉన్నారు కదా అన్నాను. పసిపిల్లల మాటకు నవ్వినట్టు నవ్వి ఫోనులో ఏదో రాసుకుంది. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

తర్వాత నన్ను వాళ్ల టవరుకు పిలిపించారు. ఏడో అంతస్తు. పొడుగాటి బల్ల, చుట్టూ పది మంది, గోడ మీద పెద్ద తెర, తెర నిండా మా బస్తీ మురికి కాలువ. ఆ పది మందిలో ఒక్కరు కూడా సర్కారు దవాఖానలో ఓపీ చీటీ కోసం నిలబడిన వాళ్లలా లేరు. బస్తీని ఎలా బాగు చేయాలో మాత్రం పది మందికీ తెలుసు. ఒకాయన రెండు గంటల్లో నాతో ఒక్కటే మాట మాట్లాడాడు, చక్కెర కావాలా అని. మిగతా సమయమంతా వాళ్లలో వాళ్లే ఇంగ్లీషులో ఒకరినొకరు మెచ్చుకున్నారు.

బయటికి వస్తుంటే వరండాలో నేల తుడుస్తూ మా బస్తీ ఆమే కనిపించింది. వనపర్తి పక్క నుంచి వచ్చింది కాబట్టి అందరూ పాలమూరు ఆమె అనేవాళ్లు. నలభై ఐదేళ్లుంటాయి. భర్త కొత్తగూడలో ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర కాపలా. నన్ను చూసి కళ్లతోనే నవ్వింది, నోరు తెరవలేదు. పనివాళ్లు అక్కడికి వచ్చిన వాళ్లతో మాట్లాడకూడదన్నది ఆ మేడలో పద్ధతి. నేనైనా పలకరించవచ్చు. పక్కన కమిటీ మేడం ఉంది, నేనూ పలకరించలేదు.

పాలమూరు ఆమెకు ఎనిమిదేళ్లుగా షుగరు. నాకు ఆమె మీద ఇష్టం ఉండేది, చిరాకూ ఉండేది. క్లినిక్‌లోకి రాగానే ముందు నేల చూసేది. “ఆ మూలకు మాపు పోలే సిస్టరమ్మా,” అని తప్పు పట్టేది. నిజంగానే అక్కడ దుమ్ముండేది. తన పని తనకు వచ్చినంత బాగా, నిజం చెప్పాలంటే, నా పని నాకు రాదు.

ఇక కంపెనీ మమ్మల్ని ఉద్ధరించడం మొదలుపెట్టింది. మొదట వేళలు మార్చారు. పొద్దున ఆరింటికి తెరవడం వాళ్ల లెక్కలో ఇమడదట, అందుకని పది నుంచి నాలుగు. పదికి బస్తీలో ఉండేది ముసలివాళ్లు, కోళ్లు. జబ్బున్న ఆడవాళ్లంతా అప్పటికే వీళ్ల మేడల్లోనే వీళ్ల బాత్రూములు కడుగుతుంటారు. ఆ మాట చెబితే, వారానికొక సెలవు ఉంటుంది కదండి, ఆ రోజు రావచ్చు కదండి అంది మేడం. తర్వాత తలుపుకు గాజు పెట్టారు, లోపల ఏసీ పెట్టారు, ఏసీ పెట్టారు కాబట్టి తలుపు మూశారు. మూసిన తలుపు పక్కన ఒక తెర బిగించారు. దాని మీద ఫోను నంబరు నొక్కాలి, ఆ ఫోనుకు ఓటీపీ వస్తుంది, అది మళ్లీ తెర మీద నొక్కాలి, అప్పుడు టోకెను వస్తుంది, తలుపు తాళం వదులుతుంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని అంటారు. ఇక్కడ పూజారి కూడా లేడు, పెట్టె ఉంది.

మా అరిగిన మెట్లు పీకేసి ర్యాంపు కట్టారు. చక్రాల కుర్చీల వాళ్ల కోసమట. మా గల్లీల్లో చక్రాల కుర్చీ మొదటి మలుపులోనే ఇరుక్కుంటుంది, అసలు బస్తీలో ఎవరికీ ఆ కుర్చీయే లేదు. ర్యాంపు మీద లారీ మెట్లకు వేసే గళ్లగళ్ల ఇనుప రేకు పరిచి వెండి రంగు కొట్టారు. దాని కింది కొసన కంపెనీ బొమ్మ ఉన్న చెప్పుల స్టాండు పెట్టారు. పైన పటారం, లోన లొటారం అన్నట్టు, గోలీల బీరువాలో మాత్రం సగం అరలు ఖాళీగానే ఉండేవి.

ఇంతవరకు చెప్పింది వాళ్ల సంగతి. ఇప్పుడు నాది కూడా చెప్పాలి. వాళ్లు వేయించిన తెల్లటి టైల్స్ నాకు నచ్చాయి. ఎందుకు దాచాలి, చాలా నచ్చాయి. చిన్నప్పటి నుంచి అలాంటి నేల మీద పనిచేయాలని నాకు కోరిక. సాయంత్రం అందరూ పోయాక లైటు వేసి, మెరుస్తున్న ఆ నేలను చూసి తృప్తిపడేదాన్ని. ఎర్రమట్టి అడుగు ఒక్కటి పడినా ప్రాణం పోయినట్టుండేది. నా దస్తూరీ బాగుంటుంది, బడిలో బోర్డు మీద సుభాషితాలు నాతోనే రాయించేవాళ్లు. ఒక తెల్ల పలక తెప్పించి, నీలం రంగుతో, ‘చెప్పులు బయట విడువవలెను’ అని గుండ్రంగా రాసి, స్టాండు పైన గోడకు నేనే మేకులు కొట్టాను.

అసలు రాయనక్కర్లేదు. మావాళ్లు దేవుడి ముందు విప్పినట్టే డాక్టరు ముందూ చెప్పులు విప్పుతారు. పాత రోజుల్లో గడప దగ్గర, చూరు నీడలో, చల్లటి బండ మీద విప్పి అడుగు లోపల పెట్టేవాళ్లు. ఇప్పుడు కింద ఎండలో విప్పి, ఇనుప రేకు పొడవునా ఎక్కాలి. ఆ తేడా నాకు తట్టలేదు. నేను ఎక్కేది వెనక తలుపు నుంచి, చెప్పులతో.

ఏప్రిల్‌లో పాలమూరు ఆమె ఒక మంగళవారం వచ్చింది. అది ఆమెకు సెలవు రోజు. గోలీలు తీసుకుని పోతూ పోతూ, నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలుస్తలేదని, ఒకసారి బస్టాండు దాకా ఒంటి చెప్పుతోనే పోయానని నవ్వుతూ చెప్పింది. షుగరు జబ్బులో ఆ మాటకు అర్థమేమిటో నర్సింగు మొదటి ఏడాది పిల్లకు కూడా తెలుసు. పాదాలకు స్పర్శ పోతోందని. కళ్లు మూసుకోమని చెప్పి, కాస్త దూదితో అరికాలు తాకి చూస్తే నిమిషంలో తేలిపోయేది. నేను చూడలేదు. బయట పదిమంది ఉన్నారు, తెర మొరాయిస్తోంది, వీళ్లకెప్పుడూ ఏదో ఒకటి అనుకున్నాను. కొత్త చెప్పులు కొనుక్కోమని చెప్పి పంపాను.

మే నెలలో కంపెనీ పెద్దాయన ఒకరు చూడటానికి వస్తున్నారన్నారు. అదీ మంగళవారమే. మధ్యాహ్నం రెండింటికి వచ్చారు, వెంట ఫొటోలు తీసేవాళ్లు. లోపల ఏసీలో ఆయనకు కొబ్బరినీళ్లు. బయట ఎండ ఎట్లుందంటే, గుట్టల మీద బండలు చూస్తుంటేనే కళ్లు మంటలెత్తుతున్నాయి. ర్యాంపు మీద వరుస. జనం సంచులను వరుసలో పెట్టి తాము ఎదురింటి గోడ నీడకు పోయారు. ఎవరి వంతు వస్తే వాళ్లు కింద చెప్పులు విడిచి, కాళ్లు కాలుతుంటే ఎగురుకుంటూ పైకి ఉరుకుతున్నారు. ఒకామె పిల్లను చంకనేసుకుని మునివేళ్ల మీద గెంతింది. పెద్దాయన అది చూసి నవ్వారు.

పాలమూరు ఆమె మాత్రం తెర ముందే నిలబడి ఉంది. ఆమె నంబరు అని కంపెనీ వాళ్లు రాసుకున్నది భర్తది. పేర్లు రాసుకున్న రోజు అతడే ఇంట్లో ఉన్నాడు. ఓటీపీ పోయేది కొత్తగూడ గేటుకు. ఆమె తన చిన్న ఫోనుతో అతడికి చేసి అంకెలు అడగాలి. అతడు కార్లకు గేటు తీసి, కళ్లజోడు పెట్టుకుని, ఒక్కొక్కటే చదివే లోపల తెర వాటిని చెల్లవంటుంది. మళ్లీ నొక్కడం, మళ్లీ ఫోను. నీడకు పోతే అతడు చదివే సమయానికి తెర అందదు. అందుకని కదలకుండా అక్కడే నిలబడింది. ఒక కాలు ఎత్తలేదు, పక్కకు జరగలేదు. గాజు తలుపు అవతల నాకు రెండు గజాల దూరంలో ఉంది.

నేను లేచి తలుపు తీయవచ్చు. తాళం లోపలి నుంచి నా చేతిలోనే ఉంది. కానీ కమిటీ మేడం అప్పుడే పెద్దాయనకు ఈ పెట్టె వచ్చాక తోపులాట లేదండి అని చెబుతోంది. నేను తీస్తే పెట్టె పనిచేయడం లేదని తేలుతుంది. తీయలేదు. పైగా పక్క కిటికీ రెక్క కాస్త తీసి తల బయటికి పెట్టి, ఎగురుతున్న వాళ్లతో, “చూడండి, ఆమె ఎంత ఓపికగా నిలబడ్డదో. ఆమెకు కాలని ఎండ మీకే కాలుతుందా?” అన్నాను. నవ్వులాటకే అన్నాను. ఆమె నన్ను చూసి సిగ్గుగా నవ్వింది, మెచ్చుకున్నాననుకుంది. ఫొటోవాడు ఆమెను ఫొటో తీశాడు.

చాలాసేపటికి అంకెలు కుదిరాయి. లోపలికి వచ్చి గోలీలు తీసుకుంది, అలవాటుగా నేల చూసి, బాగున్నదని మెచ్చుకుని వెళ్లింది.

నాలుగో రోజు పొద్దున ఆరింటికి మా ఇంటికి వచ్చింది. క్లినిక్ తెరిచి ఉండదు కదా. యూనిఫాం వేసుకునే ఉంది.

“సాక్సు ఊడొస్తలేదు సిస్టరమ్మా. జర చూస్తవా, ఏడింటికి షిఫ్టున్నది.”

మూడు రోజులుగా బూటులో తడిగా ఉంటోందట. మాపు నీళ్లు పోయాయనుకుని, సాయంత్రం సాక్సు విప్పకుండానే బూట్లు ఎండబెట్టి, పొద్దున మళ్లీ తొడుక్కుందట. కింద కూర్చోబెట్టి గోరువెచ్చటి ఉప్పునీళ్లతో తడిపి మెల్లగా సాక్సు తీశాను. కుడి అరికాలి చర్మం దాంతోపాటే వచ్చింది. ఎడమది కొంత నయం. కుడికాలు వేళ్లు అప్పటికే నల్లబడుతున్నాయి, వాసన వస్తోంది. నేను తీస్తున్నంత సేపూ ఆమె నా మొహమే చూస్తోంది, నొప్పికి కాదు, నొప్పి లేదు. నా మొహంలో ఏముందో చూసి భయపడింది.

“పనికి పోవచ్చా?” అని అడిగింది.

పెద్ద దవాఖానకు ఆటోలో నేనే తీసుకుపోయాను. దారి పొడవునా ఎక్కడ కాలిందో ఆలోచిస్తోంది. పొయ్యి దగ్గరా, మేడ మీద బట్టలు ఆరేసినప్పుడా అని. నాకు ఆటో ఎక్కకముందే తెలుసు. చెప్పలేదు. అక్కడి డాక్టర్లు ఆమెను ఉంచుకున్నారు, శక్తికొద్దీ చూశారు. పదిహేను రోజుల తర్వాత కుడికాలు వేళ్లు మూడు తీసేయాల్సి వచ్చింది. ఆ లోపలే కాంట్రాక్టరు ఏడో అంతస్తుకు ఇంకొకామెను పెట్టుకున్నాడు.

నేను టవరుకు వెళ్లి అదే బల్ల ముందు కూర్చుని అంతా చెప్పాను. ఈసారి కమిటీ మేడం, ఇంకో ఇద్దరే ఉన్నారు. కాలిన పాదం మీ వరండా తుడిచే ఆమెదేనని చెప్పాను. మేడం మొహం నిజంగానే వాడిపోయింది, అది ఒప్పుకుంటాను. కానీ ఆ వాడిన మొహంలోంచి వచ్చిన మొదటి మాట, “ఏ వెండర్ మనిషండి?” అని. ఏ కాంట్రాక్టరు పెట్టిన మనిషో చెప్పాను. అయితే ఆమె మా ఉద్యోగి కాదండి అని ఊపిరి పీల్చుకుంది. తర్వాత ముగ్గురూ పరిష్కారాల్లో పడ్డారు. ర్యాంపు మీద కంపెనీ బొమ్మతో పచ్చ చాప వేద్దామన్నారు. షుగరు పాదాల గురించి ఒక వీడియో చేసి ఆ తెర మీదే ఆడిద్దామన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఊళ్లో చూశాను గాని, కాలినవి వేరేవాళ్లవి, ఆకులు వీళ్లవి, దానికి ఫొటో కూడా తీసుకోవడం అక్కడే చూశాను. ఇంతమంది చదువుకున్నవాళ్లలో ఒక్కరికీ తలుపు తెరిచిపెడదామన్న ఆలోచన రాలేదు. నేను గొంతు పెంచి అదే అన్నాను. మీ ఇనుప రేకు, మీ పెట్టె కలిసి ఒక మనిషి కాలు తిన్నాయన్నాను.

మేడం కోప్పడలేదు. ఫోనులో ఏదో వెతికి, బల్ల మీద నా వైపు జరిపింది. పెద్దాయన వచ్చిన రోజు తీసిన ఫొటో. వెండి రంగు ర్యాంపు, దాని పైకొసన ఓపికగా నిలబడ్డ పాలమూరు ఆమె, కింద స్టాండులో ఆమె రబ్బరు చెప్పులు, వాటి పైన గుండ్రటి నీలం అక్షరాలు.

“ఈ బోర్డు మేం పెట్టలేదండి,” అంది మెల్లగా.

నిజమే. వాళ్లు పెట్టలేదు. వాళ్లందరినీ మనసారా ఈసడించుకుంటూ ఇన్నాళ్లు బతికాను, ఇంకా ఈసడించుకుంటూనే ఉంటాను, వాళ్లు దానికి తగినవాళ్లే. కానీ వాళ్లకు షుగరు పాదం అంటే ఏమిటో తెలియదు. నాకు తెలుసు. ఆ రోజు అక్కడ అది తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే, తాళం దగ్గర కూర్చున్నదాన్నీ నేనే, నేను చూసుకున్నది టైల్స్.

ఆ సాయంత్రమే బోర్డు పీకి పొయ్యిలో పెట్టాను. వానలు మొదలయ్యేసరికి కంపెనీ దయ చెరువుల మీదికి మళ్లింది, మా వైపు రావడం మానేశారు. ఒక పెద్ద వానకు తెరలోకి నీళ్లుపోయి అది చచ్చిపోయింది, నేను సంతాపం పాటించలేదు. గాజు తలుపును ఒక ఇటుకతో తెరిచిపెట్టి, మళ్లీ పొద్దున ఆరింటికి కూర్చోవడం మొదలుపెట్టాను. ర్యాంపు మీద గోనె సంచులు పరిచాను. కానీ జనం చెప్పులు విప్పడం మాత్రం మానలేదు. బోర్డు లేకపోయినా విప్పుతారు, విప్పొద్దని అరిస్తే ఇంకా భయపడి తొందరగా విప్పుతారు. షుగరు వాళ్లను మాత్రం గడప దగ్గర కాపలా కాసి, తిట్టి మరీ చెప్పులతో రప్పించేదాన్ని. దూదితో పాదాలు చూడకుండా ఎవరికీ గోలీ ఇచ్చేదాన్ని కాదు.

శ్రావణంలో ఒక పొద్దున పాలమూరు ఆమె వచ్చింది. చేతిలో కర్ర, కాళ్లకు షుగరు వాళ్ల కోసం చేసే మెత్తటి చెప్పులు, వెనక పట్టీ ఉన్నవి. గల్లీ అంతా బురద. కింద స్టాండు దగ్గర ఆగి, కర్రను గోడకు ఆనించి, పట్టుకోసం తడుముకుంటూ వంగి పట్టీ విప్పబోయింది. నేను పరుగున వెళ్లి భుజం పట్టుకున్నాను. చెప్పులతోనే రావాలని, ఇంట్లో కూడా విప్పకూడదని చెప్పాను. ఆమె నా వైపు, గోడ మీద నాలుగు మేకుల గుర్తుల వైపు చూసింది.

“బురదున్నది సిస్టరమ్మా. మీ తెల్లబండలు ఖరాబైతయి,” అంది.

నడుము చుట్టూ చెయ్యి వేసి ఎక్కించాను. లోపలికి నడిచినంత మేర ఎర్రటి అడుగులు పడ్డాయి, ఎడమది నిండుగా, కుడిది ఈడ్చినట్టు. బెంచీ మీద కూర్చోబెట్టాను. ఆమె నన్ను చూడలేదు, తిరిగి ఆ అడుగులనే చూస్తోంది. మెల్లగా కర్ర అందుకుని లేవబోయింది.

“మాపు ఏడున్నది?” అని అడిగింది.

లేదని చెప్పాను. అది తలుపు వెనకే ఉంది, ఇద్దరికీ కనిపిస్తోంది. నేను ఆ బురదలోనే కింద కూర్చుని, ఆమె కాలు నా ఒళ్లోకి తీసుకుని, పట్టీ నేనే విప్పాను.